పాప పేరున మిగిలిన డబ్బు పరిశోధనకు ఇవ్వాలనుకుంటున్నాం: హైదరాబాదులో దారి ఉందా?

చిక్కడపల్లి_నాన్న
మా పాప పోయి వచ్చే నెలకు ఏడాది. ఏడేళ్ళ పిల్ల. జబ్బు ఏఎల్ఎల్, పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్. రెండున్నరేళ్ళు మందులు వాడింది. ఆఖరి మాత్ర వేసుకున్న రోజు వార్డంతా తిరిగి చాక్లెట్లు పంచింది. పదకొండు నెలలకు తిరగబెట్టింది. బోన్‌మారో మార్పిడి చేయాలన్నారు. స్నేహితులు, ఆఫీసు వాళ్ళు, ముక్కూముఖం తెలియని వాళ్ళు కలిపి 212 మంది డబ్బు పంపారు. మార్పిడి దాకా పాప ఆగలేదు. ఆసుపత్రి బిల్లులు పోను రూ. 5,80,000 మిగిలాయి. విడిగా ఖాతాలో ఉంచాం, ఒక్క రూపాయి ముట్టుకోలేదు.

ఇంట్లో మాట కలవడం లేదు. సంవత్సరీకం నాటి నుంచి ఆసుపత్రి బయట అన్నదానం మొదలుపెట్టమని మా అమ్మ అంటోంది. పాప పేరున ట్రస్టు పెట్టమని బావమరిది అంటున్నాడు. నాకూ నా భార్యకూ మాత్రం ఒక్కటే ప్రశ్న. మందులన్నీ వేళ తప్పకుండా వేసినా ఎందుకు తిరగబెట్టింది? ఆ ప్రశ్న వెంట పడేవాళ్ళకు ఈ డబ్బు చేరాలి. ఇంత చిన్న మొత్తాన్ని పిల్లల క్యాన్సర్ పరిశోధనకు ఇచ్చే దారి మన ఊళ్ళో ఉందా? ఇచ్చిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఉప్పల్_కిరణ్
మనసు కష్టపెడుతుందని తెలిసే అడుగుతున్నాను. ఆ 212 మంది చికిత్స కోసమని ఇచ్చారు. వేరే పనికి వాడవచ్చా అని వాళ్ళను అడిగారా? మా కాలనీలో ఒక బాబు కోసం అందరం పోగు చేసి ఇచ్చాం. బాబు దక్కలేదు. మిగిలిన డబ్బు ఏమైందో ఎవరూ చెప్పలేదు, ఎవరమూ అడగలేకపోయాం. ఆ తరవాత ఇంకో పిల్లకు అవసరం పడి గుమ్మం గుమ్మం తిరిగితే సగం తలుపులు తెరుచుకోలేదు.

చిక్కడపల్లి_నాన్న
న్యాయమైన ప్రశ్నే. అందరికీ లెక్కల కాగితం జతచేసి రాశాను. 171 మంది ‘మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండి’ అన్నారు. ఇద్దరు వెనక్కి అడిగారు, అదే రోజు పంపించాను. వారిలో ఒకరి ఇంట్లోనే ఆసుపత్రి ఖర్చు వచ్చిందట. నా భార్య ఆయన ఇచ్చినదానికి మరో వెయ్యి కలిపి పంపింది. మిగిలినవాళ్ళ నుంచి జవాబు రాలేదు, ఇంకా రాస్తూనే ఉన్నాను.

ఉప్పల్_కిరణ్
ఇక నాకు అభ్యంతరం ఏమీ లేదు. మీ ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి.

నల్లకుంట_శారద
మీ అమ్మగారి మాట అంత తేలిగ్గా తీసేయకండి బాబూ. నేను 31 ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మేము నలుగురం కలిసి శుక్రవారాలు రెడ్‌హిల్స్‌లో ఆసుపత్రి బయట పులిహోర, పెరుగన్నం పంచుతాం. పెట్టిన అన్నం కళ్ళ ముందు ఒక కడుపులోకి వెళుతుంది. పరిశోధన ఫలితం ఎప్పటికి వస్తుందో, ఎవరికి వస్తుందో! మనవరాలు పోయిన మనిషి చేతులకు ఒక పని కావాలి. ఆమె అన్నదానం అడగడంలో అదీ ఉంటుంది.

మలక్‌పేట_యూసుఫ్
నా కొడుకు ఇప్పుడు మందుల మీదే ఉన్నాడు. అదే జబ్బు, పద్దెనిమిదో నెల. అందుకని సూటిగా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి అన్నా.

వార్డులో మా పక్క మంచం పిల్ల నారాయణపేట నుంచి వచ్చేది. చికిత్స ఆరోగ్యశ్రీలో సాగింది. తల్లికి ఆర్టీసీ బస్సు ఉచితమే. తండ్రికి టికెట్ కొనాలి. ఎంజీబీఎస్ బస్టాండులో దిగి ఆసుపత్రికి ఆటో. రక్త పరీక్ష ఫలితం సాయంత్రం వస్తే రాత్రి ఉండటానికి చోటు లేదు. తండ్రికి ఆ రెండు రోజుల కూలి పోతుంది. ఏడో నెలలో పిల్ల జుట్టు మొలిచింది, బాగా తింటోంది, ఆడుతోంది. ‘నయమైపోయింది కదా, ఇంకా ఎందుకు తిప్పడం’ అని ఊళ్ళో పెద్దలు అన్నారు. రావడం మానేశారు. మళ్ళీ వచ్చేసరికి చేయి దాటిపోయింది.

ఆ పిల్లకు కావలసిన మందు కనిపెట్టి ఎన్నో ఏళ్ళయింది. అందాల్సింది బస్సు చార్జీ, ఒక రాత్రి పడక. 5,80,000 అంటే ఎంతమందికి బస్సు చార్జీ అవుతుందో లెక్క వేయండి. పరిశోధన చేసేవాళ్ళకు ప్రభుత్వాలు ఉన్నాయి, పెద్ద కంపెనీలు ఉన్నాయి.

అల్వాల్_అమ్మ
యూసుఫ్ తమ్ముడూ, నీ మాట ప్రతిదీ నిజం. అయినా ఆఖరి వాక్యం దగ్గర నీతో కలవలేను.

మా బాబుకు మెదడు కాండంలో గడ్డ. డీఐపీజీ అంటారు. ఆపరేషన్ చేయడానికి లేదు, కీమో పని చేయదు. రేడియేషన్ ఇస్తే కొన్నాళ్ళు తేరుకుంటారు. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో సగం మంది ఏడాది తిరగకుండానే పోతారు. చంద్రుడి మీద కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూతురు 1962లో ఇలాంటి గడ్డతోనే పోయింది. ఆ పిల్లకూ రేడియేషనే ఇచ్చారు. అరవై ఏళ్ళ తరవాత మా వాడికీ అదే ఇచ్చారు. మాకు బస్సు చార్జీకి లోటు లేదు, ఉండటానికి సొంత ఇల్లు ఉంది, కారు ఉంది. వాడికి మందే లేదు.

పిల్లల జబ్బులు అరుదు. అమ్ముడుపోయేది తక్కువని కంపెనీలు పెద్దవాళ్ళ క్యాన్సర్లవైపే ఎక్కువగా చూస్తాయి. అందుకే ప్రపంచంలో చాలా చోట్ల ఈ పరిశోధనను ముందుకు నెట్టినవాళ్ళు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే. చిక్కడపల్లి అన్నయ్యా, నువ్వు వెనక్కి తగ్గకు.

మలక్‌పేట_యూసుఫ్
అక్కా, క్షమించు. నీ బాబు సంగతి నాకు తెలియదు.

అల్వాల్_అమ్మ
క్షమించడానికి ఏముంది తమ్ముడూ. నీ కొడుకు రక్త కణాల కౌంట్లు ఎలా ఉన్నాయి?

మలక్‌పేట_యూసుఫ్
నిన్నటికి బాగున్నాయి. పతంగి ఎగరేస్తానని మిద్దె ఎక్కుతున్నాడు, దించడానికే నాకు సరిపోతోంది.

భీమవరం_మాస్టారు
ముప్ఫై ఏళ్ళుగా కూకట్‌పల్లిలో ఉంటున్నా మా ఊరి మాట వస్తే ఆగలేను. యెల్లాప్రగడ సుబ్బారావు పేరు ఇక్కడ ఎవరైనా ఎత్తుతారని చూస్తున్నాను.

1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ముల్ని పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళారు. తరవాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగాన్ని నడిపారు. స్ప్రూకు పని చేసే ఫోలిక్ ఆమ్లాన్ని అక్కడ కృత్రిమంగా తయారు చేశారు. ఆ ఫోలిక్ ఆమ్లమే లుకేమియా కణాలకు మేత అవుతోందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల ఆసుపత్రి వైద్యుడికి అనుమానం వచ్చింది. దానికి విరుగుడుగా పని చేసే అమినోప్టెరిన్‌ను సుబ్బారావుగారి బృందమే తయారు చేసి పంపింది. పదహారు మంది పిల్లలకు ఇస్తే పది మందిలో జబ్బు కొన్నాళ్ళు తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయారు, యాభై మూడేళ్ళకే. ఆ మందుకు తోబుట్టువే మెతోట్రెక్సేట్. యూసుఫ్, మీ వాడు ఇప్పుడు వారానికోసారి వేసుకుంటున్నది అదే అయి ఉండాలి.

సొంత తోబుట్టువులను మింగిన జబ్బు ఎందుకు వస్తుందని ఒక మనిషి పట్టుబట్టి వెతికాడు. వెతికింది ఒక జబ్బుకు, దొరికింది వేరే పిల్లలకు కూడా ప్రాణం పోసింది. శారదగారూ, ఎవరికి అందుతుందో అన్నారు కదా, ఎవరికి అందిందో చెబుదామనే ఇంత రాశాను.

మలక్‌పేట_యూసుఫ్
అవును సార్, శుక్రవారం మాత్రలు. చిన్న పసుపు మాత్రలు. అది మన తెలుగు మనిషి చలవ అని పద్దెనిమిది నెలల్లో ఎవరూ చెప్పలేదు.

నల్లకుంట_శారద
మాస్టారూ, స్టాంపు మీద ఆయన బొమ్మ చూశాను గానీ ఈ సంగతి తెలియదు. నా మాట కొంత వెనక్కి తీసుకుంటాను. కొంతే.

బిళ్ళగన్నేరు
నా వయసు 24. ఆరేళ్ళప్పుడు నాకూ ఏఎల్ఎల్. ఈ పేరు ఎందుకు పెట్టుకున్నానో చెబుతాను. నాకు వారం వారం ఎక్కించిన విన్‌క్రిస్టిన్ అనే మందు మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చింది. మా అమ్మమ్మ ఇప్పటికీ ఆ పూలు కోయనివ్వదు.

1960ల మొదట్లో ఈ జబ్బు వచ్చిన పిల్లలు దాదాపు అందరూ పోయేవారు. ఇప్పుడు సంపన్న దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. ఆ మధ్య కాలంలో పెద్ద అద్భుతం ఏమీ జరగలేదు. అప్పటికే ఉన్న మందులను ఏ వరసలో, ఎంత మోతాదులో, ఎన్నాళ్ళు ఇవ్వాలో వేలమంది పిల్లల వివరాలు రాసుకుంటూ, పోల్చుకుంటూ నేర్చుకున్నారు. నా ముందు పోయిన పిల్లల కాగితాల వల్లే నేను ఉన్నాను. ఇది నేను రోజూ అనుకునే మాట.

ఇంకో సంగతి. నాకు ఇచ్చిన మందుల్లో ఒకటి చాలా ఏళ్ళ తరవాత గుండెను బలహీనపరచవచ్చు. అందుకే క్రమం తప్పకుండా గుండెకు ఎకో పరీక్ష తీయించుకుంటాను. బతికిన మాలాంటి వాళ్ళు పెద్దయ్యాక ఎలా ఉన్నారో రాసిపెట్టేవాళ్ళు ఇక్కడ తక్కువ. అదీ పరిశోధనే.

న్యూజెర్సీ_బాబాయి
ఇక్కడి నుంచి నేను తోడు ఉంటాను. మా దగ్గర అలెక్స్ అని ఒక పాప ఉండేది. న్యూరోబ్లాస్టోమా అనే పిల్లల క్యాన్సర్. 2000లో నాలుగేళ్ళ వయసులో ఇంటి ముందు నిమ్మరసం బల్ల పెట్టుకుని వైద్యులకు ఇస్తానని డబ్బు పోగు చేసింది. 2004లో ఎనిమిదేళ్ళకు పోయేనాటికి ఆ మొత్తం పది లక్షల డాలర్లు అయింది. ఆ తల్లిదండ్రులు ఇప్పటికీ నడుపుతున్నారు. ఇంకొందరు గుండు చేయించుకుని చందాలు పోగు చేస్తారు. మన తెలుగువాళ్ళం సెప్టెంబరులో అలాంటిదే పెడితే నలభై యాభై లక్షలు చేయవచ్చు. పాప పేరున ట్రస్టు పెట్టండి, మేము నేరుగా పంపిస్తాం.

పద్దుల_మనిషి
ఆగండి, ఆగండి. నేను ఆడిటర్‌ని. ఈ ఒక్క వాక్యంతో చాలామంది మంచివాళ్ళు చిక్కుల్లో పడ్డారు.

భారత పౌరసత్వం వదులుకున్నవాళ్ళు పంపే చందా, రక్త సంబంధం ఉన్నా సరే, ట్రస్టుకు విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. అనుమతి ఉన్న సంస్థలు కూడా 2020 సవరణ తరవాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా తెరిచి అందులోనే తీసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. కాబట్టి బాబాయిగారూ, మీ గుంపులో ఎవరి చేతిలో ఏ పాస్‌పోర్టు ఉందో ముందు చూసుకోండి.

ఇక ట్రస్టు. పెట్టడం కష్టం కాదు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర డీడు, పాన్, ఖాతా, తరవాత ఆదాయపు పన్ను శాఖలో నమోదు. నడపడమే కష్టం. ఏటా లెక్కలు, రిటర్నులు, తీర్మానాలు. దుఃఖంలో పెట్టిన ట్రస్టులు మూడో ఏటికి నా బల్ల మీద దుమ్ము పట్టిన దస్త్రాలు కావడం నేను చూశాను. మీ చేతిలో ఉన్న మొత్తానికి కొత్త ట్రస్టు వద్దు. ఇప్పటికే నమోదైన ఆసుపత్రికో పరిశోధన సంస్థకో ‘ఫలానా పనికి మాత్రమే’ అని రాతపూర్వకంగా ఇవ్వండి. చెక్కుతో పాటు ఉత్తరం పెట్టండి, దాని మీద వాళ్ళ సంతకం తీసుకోండి.

విరాళాల మీద వచ్చే పన్ను రాయితీ గురించి కూడా రెండు మాటలు. రెండు వేల రూపాయలు దాటిన నగదుకు రాయితీ రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకు అసలే రాదు. రాయితీ ఆశ చూపి చందాలు అడగకండి, తరవాత మాట పడతారు.

న్యూజెర్సీ_బాబాయి
మంచి సమయంలో ఆపారు. నా పాస్‌పోర్టు నీలం రంగే, కానీ మనది కాదు. అనుమతి ఉన్న సంస్థ ఏదో తేలాక అడుగుతాను.

తార్నాక_పరిశోధక
నేను ప్రయోగశాలలో పని చేస్తాను, రక్త కణాల మీద. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఈ మొత్తం మాలాంటి ల్యాబులో ఇస్తే రసాయనాలకే కొన్ని నెలల్లో అయిపోతుంది. చివర్లో మీకు చూపించడానికి ఒక పటం, రెండు గ్రాఫులు మిగులుతాయి. అదే డబ్బు వార్డు పక్కన చాలా దూరం వస్తుంది.

పిల్లల కీమో నడిచే చోట డేటా చూసుకునే మనిషి ఉండాలి. ఏ పిల్ల ఏ తేదీన వచ్చింది, ఏ మందు ఎంత ఇచ్చారు, కౌంట్లు ఎంత, ఏ వారం రాలేదు, ఎందుకు రాలేదు అని రాసేవాళ్ళు. వైద్యులు రోజుకు వందమందిని చూస్తూ ఇది చేయలేరు. నాకు తెలిసిన చోట ఆ ఉద్యోగానికి నెలకు 25 వేలు ఇస్తున్నారు. అంటే మీ డబ్బు దాదాపు రెండేళ్ళ జీతం. యూసుఫ్‌గారు చెప్పిన పిల్ల ఏడో నెలలో రాకపోతే ఆ వారమే ఫోను వెళుతుంది. పరిశోధన, సాయం రెండు వేరు వేరు జేబులు అనుకుంటున్నాం గానీ ఇక్కడ ఒకటే.

చిక్కడపల్లి_నాన్న
మీరు చెప్పింది అర్థమైంది. అయినా ఒప్పుకోలేకపోతున్నాను. మేము ఒక్క వారం కూడా మానలేదు. రాత్రి పాలతో కాకుండా, ఖాళీ కడుపున, పడుకునే ముందు 6-ఎంపీ అనే కీమో మాత్ర నా చేత్తో వేసేవాడిని. గోడ మీద క్యాలెండరులో టిక్కులు ఇంకా ఉన్నాయి. నా ప్రశ్న మానేసిన పిల్లల గురించి కాదు. మానకపోయినా పోయిన పిల్ల గురించి.

తార్నాక_పరిశోధక
మీ పాప విషయంలో ఏమి జరిగిందో నేను చెప్పలేను, ఊహించను కూడా. నన్ను ఒక్క మాట అడగనివ్వండి. మాత్ర మోతాదు తరచూ తగ్గించేవారా?

చిక్కడపల్లి_నాన్న
తగ్గించేవారు. కౌంట్లు పడిపోయేవి. అప్పుడు ఆపేవారు, తరవాత సగం మాత్ర, ఆ తరవాత పావు. మళ్ళీ పెంచేవారు. క్యాలెండరులో అదీ రాశాను.

తార్నాక_పరిశోధక
అందుకే అడిగాను. 6-ఎంపీని శరీరం ఎలా అరాయించుకుంటుందనేది కొన్ని జన్యువుల మీద ఆధారపడుతుంది. ఐరోపా పిల్లల్లో టీపీఎంటీ అనే జన్యువు మీద ఎక్కువగా చూశారు. ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువు సంగతి దాదాపు పదేళ్ళ కిందటే బయటపడింది. అందులో మార్పు ఉంటే మామూలు మోతాదుకే కౌంట్లు కుప్పకూలతాయి. ఆ మార్పు ఐరోపా మూలాలున్నవాళ్ళలో అరుదు, ఆసియా వాళ్ళలో, మనలో కూడా, ఎక్కువ. ఐరోపా మూలాలున్న పిల్లలను మాత్రమే చూస్తూ ఉంటే ఇది తెలిసేది కాదు. మన పిల్లలకు ఎంత మోతాదు సరైనది, ఎవరిలో తగ్గించాలి, తగ్గిస్తే జబ్బు మీద ఏ ప్రభావం ఉంటుంది అన్నది మన పిల్లల్లోనే చూడాలి.

ఆ పరిశోధనకు ముడిసరుకు ఏమిటో తెలుసా అండీ? మీ గోడ మీద క్యాలెండరు. అలాంటిది మూడు వందలమంది పిల్లలకు ఉండాలి. మానేసినవాళ్ళెవరో, వేసుకున్నవాళ్ళెవరో తెలిస్తేనే, వేసుకున్నా ఎందుకు తిరగబెట్టిందన్న మీ ప్రశ్న అడగడానికి వీలు అవుతుంది. ఆ డేటా లేకపోతే ఇద్దరూ ఒకే గంపలో కలిసిపోతారు.

చిక్కడపల్లి_నాన్న
ఇది చదివి నా భార్యకు వినిపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. రేపు రాస్తాను.

వార్డు_నర్సు
తార్నాక అమ్మాయి మాటకు నా సాక్ష్యం. పన్నెండేళ్ళు పిల్లల కీమో వార్డులో చేశాను. ఎవరు రాలేదో మాకు తెలిసేది, ఆ పిల్ల మంచం మీద ఇంకో పిల్ల పడుకున్నప్పుడు. ఫోను చేయడానికి మనిషి లేదు, ఉన్న నంబరు ఎవరో పక్కింటివాళ్ళది.

ఇంకోటి కూడా రాయించండి. ఆడపిల్లలు. మన దేశంలో చికిత్సకు వచ్చే క్యాన్సర్ పిల్లల్లో మగపిల్లలే బాగా ఎక్కువ. జబ్బులోనే కొంత తేడా ఉన్నా, అంత తేడాకు అది చాలదు. రాని ఆడపిల్లలు ఎక్కడున్నారో చూసేవాళ్ళు తక్కువ.

ఉప్పల్_కిరణ్
నర్సుగారి మాట చదివాక ఒళ్ళు జలదరించింది. మాకిద్దరూ ఆడపిల్లలే.

డబ్బు ఇచ్చాక అది ఆ జీతానికే వెళ్ళిందని ఎలా తెలుస్తుంది? ఒక సంస్థకు మా తాతగారి పేరున ఇచ్చాం. రసీదు కోసమే ఆరు నెలలు తిరిగాం.

పద్దుల_మనిషి
మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ఆరు నెలలకు ఒక వాయిదా. ప్రతి వాయిదాకు ముందు ఖర్చు వివరం, ఒక పేజీ పని నివేదిక అడగండి. ఇవ్వని చోటికి రెండో వాయిదా వెళ్ళదు. పిల్లల పేర్లు, వివరాలు మాత్రం అడగకండి, వాళ్ళు ఇవ్వకూడదు కూడా. సంఖ్యలు చాలు.

తార్నాక_పరిశోధక
రోగుల హక్కులు చూసే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని కూడా అడగండి. మందులు మార్చి చూసే పరీక్ష అయితే దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదై ఉండాలి, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. ఏఎల్ఎల్ మీద మన దేశంలోనే అనేక ఆసుపత్రులు కలిసి చేసిన ఐసికిల్ అనే పరీక్ష ఉంది. ‘మీరు అలాంటి ఉమ్మడి అధ్యయనాల్లో ఉన్నారా?’ అన్న ఒక్క ప్రశ్నతో ఎవరి దగ్గర డేటా నడుస్తోందో మీకు తెలిసిపోతుంది.

అల్వాల్_అమ్మ
డబ్బు ఒక్కటే కాదు, ఇంకోటీ ఇవ్వవచ్చు. మా బాబు వెళ్ళిన రాత్రి మాకు ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు. ఆ గడ్డలోని ముక్క పరిశోధనకు ఇవ్వవచ్చట. డీఐపీజీ గురించి ఈ మధ్య తెలిసినదాంట్లో చాలా భాగం అలా ఇచ్చిన తల్లిదండ్రుల వల్లే. ముందే ఎవరైనా నెమ్మదిగా అడిగి ఉంటే మేము సరేననేవాళ్ళం. ఇది చదివే వైద్యులు ఉంటే, అడగడానికి భయపడకండి.

ప్లేట్‌లెట్_ప్రసాద్
పై విషయాలు నాకు అర్థమయ్యేవి కావు, నేను ఆటోనగర్‌లో లారీ మెకానిక్‌ని. నాకు తెలిసింది ఒక్కటే. కీమో పిల్లలకు ప్లేట్‌లెట్లు కావాలి, అవి ఐదు రోజులకంటే నిలవ ఉండవు. నేను ఏడాదికి పదిహేను సార్లన్నా ఇస్తాను. నియమం ప్రకారం 24 దాకా ఇవ్వవచ్చు. పాప పుట్టిన రోజుకు పదిమందిని తీసుకువస్తాను. తేదీ చెప్పండి.

మలక్‌పేట_యూసుఫ్
ప్రసాద్ భాయ్, మా వాడికి పోయిన రంజాన్‌లో అర్ధరాత్రి ప్లేట్‌లెట్లు ఇచ్చింది మీలాంటివాళ్ళెవరో. పేరు కూడా తెలియదు. నేనూ వస్తాను.

నల్లకుంట_శారద
చిక్కడపల్లి బాబూ, అమ్మగారితో మాట్లాడావా? ఆవిడను పక్కన పెట్టి నిర్ణయం చేయకు.

చిక్కడపల్లి_నాన్న
మాట్లాడాను శారదగారూ. రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. సుబ్బారావుగారి సంగతి చదివి వినిపించాను. అన్నదమ్ములు పోయారన్న చోట ఆపమంది. కాసేపటి తరవాత ‘చదువు’ అంది. నారాయణపేట పిల్ల దగ్గర మళ్ళీ ఆపమంది.

మేము అనుకున్నది ఇది. నాలుగున్నర లక్షలు డేటా ఉద్యోగానికి, ఆరు నెలల వాయిదాల్లో. రెండు ఆసుపత్రులకు వెళ్ళి తార్నాక అమ్మాయి చెప్పిన ప్రశ్నలు అడుగుతాం. ఎవరు సరిగ్గా జవాబిస్తే వాళ్ళకు. రాని ఆడపిల్లల లెక్క విడిగా రాయాలని ఉత్తరంలో పెడతాం. మిగిలిన లక్షా చిల్లర బస్సు చార్జీలకు, ఆసుపత్రి సామాజిక కార్యకర్త చేతుల మీదుగా. ఫోను వెళ్ళి, రావడానికి చార్జీ లేదన్న కుటుంబానికి ఆ రోజే అందాలి. యూసుఫ్, ఇది నీ మాట. బాబాయిగారు పంపగలిగితే ఏడాదిన్నర తరవాత జీతం ఆగకుండా చూడమని అడుగుతున్నాను.

అమ్మ ఒక షరతు పెట్టింది. శుక్రవారం మీ పులిహోరకు తానూ వస్తుందట, చింతపండు పులుసు ఇంట్లోనే చేసి తెస్తుందట.

క్యాలెండరు నకలు తీయించాను. అసలుది గోడ మీదే ఉంచాం.

నల్లకుంట_శారద
రమ్మను. ఇంగువ మర్చిపోవద్దని చెప్పు, పోయిన వారం మేము మర్చిపోయాం.

న్యూజెర్సీ_బాబాయి
ఏడాదిన్నర తరవాత నుంచి జీతం బాధ్యత మాది. అనుమతి ఉన్న సంస్థ ద్వారానే. పద్దుల మనిషిగారూ, మీకు విడిగా రాస్తున్నాను.

ప్లేట్‌లెట్_ప్రసాద్
తేదీ చెప్పలేదు.

చిక్కడపల్లి_నాన్న
పుట్టిన రోజు ఈ నెల చివరి శనివారం పడింది. ఉదయం తొమ్మిదికి. ఎక్కడన్నది బ్లడ్ బ్యాంకు వాళ్ళతో మాట్లాడి ఇక్కడే రాస్తాను.

ప్లేట్‌లెట్_ప్రసాద్
సరే. వచ్చేవాళ్ళందరూ కడుపునిండా టిఫిన్ తిని రండి. మూడు రోజుల ముందు నుంచి ఆస్పిరిన్ మాత్ర వేసుకోవద్దు, వేసుకుంటే ప్లేట్‌లెట్లు తీసుకోరు. ఇప్పటికి పదమూడు మందిమి.

మలక్‌పేట_యూసుఫ్
పద్నాలుగు. మా బావ కూడా వస్తున్నాడు.